పొగమంచు రోజుల్లో ఢిల్లీ విమానం ఎక్కేముందు

శంషాబాద్ నుంచి ఢిల్లీకి గాలిలో దూరం సుమారు 1,250 కిలోమీటర్లు. టికెట్టు మీద రెండుంపావు గంటలని ఉంటుంది. మామూలు రోజుల్లో అది నిజమే. డిసెంబర్ మూడో వారం నుంచి జనవరి ఆఖరు దాకా మాత్రం ఆ లెక్క నమ్ముకుని అదే రోజు ఢిల్లీలో పని పెట్టుకోకండి.

అక్కడ మంచు అర్ధరాత్రి దాటాక కమ్ముకుంటుంది, గట్టిగా పడితే పొద్దున పదింటి దాకా వదలదు. దట్టమైన మంచులోనూ విమానం దిగేందుకు దారి చూపే క్యాట్-3బి వ్యవస్థ ఢిల్లీలో ఉంది కాబట్టి, విమానానికీ పైలట్‌కూ ఆ అర్హత ఉంటే రన్‌వే 50 మీటర్ల మేర కనిపించినా దిగొచ్చు. టేకాఫ్‌కు మాత్రం 125 మీటర్లు కనిపించాలి. దాంతో వచ్చేవి వస్తుంటాయి, వెళ్లాల్సినవి కదలవు. నిలపడానికి చోటు లేక మిగతావాటిని జైపూర్‌కో లక్నోకో మళ్లిస్తారు. ఇక్కడ ఎండ కాస్తున్నా మీ విమానం లేవకపోవడానికి కారణం ఇదే.

అందుకే తెల్లవారుజాము విమానం వద్దు, చవగ్గా దొరికినా సరే. మధ్యాహ్నం దిగేది చూసుకోండి. అదీ పూర్తి భరోసా కాదు. మీరెక్కే విమానం ఆ పొద్దున ఢిల్లీ నుంచే రావాల్సి ఉండొచ్చు. ఫ్లైట్ ట్రాకింగ్ యాప్‌లో నంబరు కొట్టి అది ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. అక్కడింకా లేవలేదంటే, బోర్డు మీద ‘ఆన్ టైమ్’ అని ఉన్నా ఆలస్యం ఖాయం. అలాగని ‘రెండు గంటలు లేటు’ అని మెసేజ్ రాగానే ఇంట్లో కూర్చోకండి, ఆ ఆలస్యాన్ని మళ్లీ తగ్గించొచ్చు. చెక్-ఇన్ కౌంటర్ గంట ముందే మూసేస్తారు.

ఇంటర్వ్యూ, పరీక్ష, వీసా పని ఉంటే ముందు రోజే చేరుకోండి. ఢిల్లీ మీదుగా అమెరికా వెళ్లేవాళ్లు రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో తీసుకోవాలి. వేర్వేరుగా కొంటే మొదటిది లేటై రెండోది పోయినా అడిగే దిక్కుండదు. పైగా లోకల్ విమానం టెర్మినల్-1లో దిగితే అమెరికా విమానమెక్కే టెర్మినల్-3కి సామానుతో రోడ్డు మీద వెళ్లాలి, ఆ మంచులో అదో టెన్షన్.

మందులు, స్వెటర్, చార్జర్, చంటిపిల్లల పాలపొడి చేతిసంచిలోనే పెట్టుకోండి. జైపూర్‌లో దించితే గంటల తరబడి సీట్లోనే కూర్చోవాల్సి రావచ్చు, చెక్-ఇన్ బ్యాగు చేతికి రాదు.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నిబంధన ప్రకారం ఈ రూట్లో రెండు గంటలు దాటి ఆలస్యమైతే తినడానికి, తాగడానికి ఇవ్వాలి. ఆరు గంటలు దాటుతుందంటే మరో విమానమో, పూర్తి రీఫండో అడగండి. మంచు వల్ల ఆలస్యానికి పరిహారం మాత్రం రాదు, దాని కోసం కౌంటర్ దగ్గర గొడవపడి లాభం లేదు. రైలు మేలనుకుంటారేమో, తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌కు ఎలాగూ ఒక రోజు పైనే పడుతుంది, ఈ మంచులో అదీ లేటే.