పబ్లిక్ హిస్టరీ, హెరిటేజ్‌లో పీజీ చెయ్యాలనుకునేవాళ్ళకి

హిస్టరీతో డిగ్రీ అయింది, గ్రూప్సూ బీఈడీ కాకుండా ఇంకేమైనా ఉందా అని అడిగేవాళ్ళకి నేను ముందు చెప్పే పేరు పబ్లిక్ హిస్టరీ. మ్యూజియంలో శిల్పం కింద ఆ నాలుగు లైన్లు ఏం రాయాలి, కోట దగ్గర బోర్డు మీద ఎవరి సంగతి పెట్టారు ఎవరిది వదిలేశారు, ఊళ్ళో పెద్దావిడ చెప్పే ఉప్పెన కథని ఎలా రికార్డు చేసి దాచాలి, ఇవన్నీ ఇందులోకే వస్తాయి. మామూలు ఎమ్మేలో మీరు రాసింది సార్ చదివి మార్కులేస్తారు, ఇక్కడ మాత్రం మీరు చేసింది ఆ ఊరివాళ్ళే వచ్చి చూస్తారు, తప్పుంటే మొహం మీదే చెప్తారు, నాకు ఈ సబ్జెక్టులో బాగా నచ్చేది అదే.

అప్లై చేసేముందు మీకు బాగా తెలిసిన ఒక చోటు పట్టుకోండి. కోర్సుల లిస్టు తర్వాత చూస్కోవచ్చు. ఉదాహరణకి అమరావతి స్తూపం. 1790ల్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారి మనుషులు కట్టడాలకి రాయి కోసం ఆ దిబ్బ తవ్వారు, ఆ కబురు తెలిసి ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు, 1816లో మళ్ళీ వచ్చి శిల్పాలకి డ్రాయింగులు గీయించాడు, 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్ళు మద్రాసు పంపాడు, వాటిల్లో చాలా 1859లో ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. ఇప్పుడు ఆ స్తూపం కొంత అమరావతిలో, కొంత చెన్నై ఎగ్మూర్ మ్యూజియంలో, కొంత బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ఈ మూడు చోట్లా లేబుళ్ళలో ఏం రాశారో పక్కపక్కన పెట్టి చూడండి, రాయి తవ్వినవాళ్ళ గురించి, మోసినవాళ్ళ గురించి ఎక్కడైనా ఒక్క మాట ఉందా అని వెతకండి. మంచి డిసర్టేషన్‌కి (పీజీలో రాసే పరిశోధన వ్యాసం) అది చాలు.

మెకంజీ అనగానే ఆయన దగ్గర పనిచేసిన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి కూడా గుర్తుకురావాలి. కైఫియత్తులు, అంటే ఊళ్ళవాళ్ళని అడిగి రాయించిన స్థానిక చరిత్రలు, మన చేతికి అందాయంటే అందులో వాళ్ళ శ్రమ చాలా ఉంది. మీ మండలానికి సంబంధించిన కైఫియత్తు అచ్చయిందేమో చూసి అందులో చెప్పిన చెరువూ గుడీ ఇప్పుడెలా ఉన్నాయో వెళ్ళి ఫొటోలు తీసి రాసుకోండి, అప్లికేషన్లో పెట్టుకోడానికి అది మొదటి పని అవుతుంది.

రెండో పని ఓరల్ హిస్టరీ, అంటే మనుషులు నోటితో చెప్పే జ్ఞాపకాల్ని రికార్డు చేసి దాచడం. దీనికి నాగార్జునకొండ లాంటి చోటు దొరకదు. నాగార్జునసాగర్ ప్రాజెక్టు నీళ్ళొచ్చే లోపు 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు, కట్టడాల్ని కొండ మీదకీ అనుపుకీ తరలించి మళ్ళీ పేర్చారు. రాళ్ళు ఎక్కడికెళ్ళాయో రిపోర్టుల్లో ఉంటుంది గానీ, లోయలో ఊళ్ళు ఖాళీ చేసినవాళ్ళు ఎక్కడికెళ్ళారో ఎలా బతికారో ఆ కుటుంబాల్నే అడగాలి, అప్పట్లో చిన్నపిల్లలుగా ఉన్నవాళ్ళే ఇప్పుడు బాగా పెద్దవాళ్ళు కాబట్టి ఈ పని వాయిదా వెయ్యడానికి అస్సలు లేదు.

ఇంటర్వ్యూకి కూర్చునే ముందు ఎందుకు రికార్డు చేస్తున్నారో, ఎక్కడ వాడతారో తెలుగులో చెప్పి అనుమతి తీసుకోండి, వద్దన్న ముక్క తీసేస్తానని కూడా చెప్పండి. ఫ్యాను ఆపించి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి, ఒక నిమిషం టెస్ట్ చేసి విని మొదలుపెట్టాలి. "బాధగా అనిపించిందా తాతా" అంటే అవునంటారు, అక్కడితో అయిపోతుంది. "ఊరు వదిలేరోజు ఇంట్లోంచి ముందు ఏం బయటికి తెచ్చారు" అని అడిగితే అరగంట చెప్తారు. రాసేటప్పుడు వాళ్ళ యాసని పుస్తకాల భాషలోకి మార్చొద్దు, దయచేసి. ఫైలు పేరులోనే తేదీ, ఊరు, మనిషి వచ్చేలా పెట్టి రెండు చోట్ల కాపీ ఉంచండి.

ఇక కోర్సులు. మన దేశంలో పబ్లిక్ హిస్టరీ అనే పేరుతోనే పీజీ దొరకడం తక్కువ, అందుకని మీరు చెయ్యాలనుకునే పనిని బట్టి వెతకాలి. మ్యూజియం పనైతే బరోడా ఎంఎస్ యూనివర్సిటీలో 1952 నుంచీ మ్యూజియాలజీ ఉంది, నోయిడాలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ హెరిటేజ్ ఉంది (పాత పేరు నేషనల్ మ్యూజియం ఇన్‌స్టిట్యూట్). తవ్వకాల వైపు మనసుంటే పుణె దక్కన్ కాలేజీ. దగ్గర్లోనే కావాలంటే హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మే హిస్టరీ చేస్తూ డిసర్టేషన్ ఇటువైపు తిప్పుకోవచ్చు, తార్నాకలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది, అక్కడికి వెళ్ళడం అలవాటు చేసుకుంటే సగం చదువు అక్కడే అయిపోతుంది. ఆర్కిటెక్చర్ చదివినవాళ్ళకి పాత కట్టడాల్ని కాపాడే కన్జర్వేషన్ కోర్సులు వేరే ఉన్నాయి.

బయటికెళ్ళేవాళ్ళకి బ్రిటన్‌లో యార్క్, స్వాన్సీ లాంటి చోట్ల ఈ పేరుతోనే ఏడాది ఎమ్మేలు నడిచాయి, ఈ ఏడు సీట్లు ఇస్తున్నారో లేదో వాళ్ళ సైట్లో చూస్కోండి. ఫీజు మాత్రం చాలా ఎక్కువ. ఈ రంగంలో మొదటి జీతాలు చిన్నవి, కాంట్రాక్టు ఉద్యోగాలే ఎక్కువ, అందుకే ఇల్లు తాకట్టు పెట్టి ఈ కోర్సుకి వెళ్ళొద్దనే నేనంటాను, స్కాలర్‌షిప్ వస్తేనే వెళ్ళండి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవ్‌నింగ్ స్కాలర్‌షిప్‌కి రెండేళ్ళ పని అనుభవం అడుగుతారు, చదువయ్యాక తిరిగొచ్చి రెండేళ్ళు ఇక్కడే ఉండాలి.

ఎస్‌ఓపీలో (ఈ కోర్సు ఎందుకు చదవాలనుకుంటున్నారో అప్లికేషన్‌తో రాసిచ్చే వ్యాసం) "చిన్నప్పట్నుంచీ చరిత్ర అంటే ఇష్టం" అని మొదలుపెట్టకండి, అందరూ అదే రాస్తారు. మీరు చూసిన ఒక బోర్డు పేరు చెప్పి అందులో ఏం లేదో, మీరైతే ఏం పెడతారో రాయండి, చేసిన ఇంటర్వ్యూలోంచి ఒక ముక్క కలపండి. సిలబస్‌లో ప్లేస్‌మెంట్ (మ్యూజియం లాంటి చోట కొన్నాళ్ళు పనిచెయ్యడం) ఉందా, డిసర్టేషన్ బదులు ఎగ్జిబిషనో పాడ్‌కాస్టో పెట్టొచ్చా అని డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టి అడగండి. ఇవి రెండూ లేకపోతే పేరులో పబ్లిక్ అని ఉన్నా అది మామూలు ఎమ్మేనే.

టైమ్ చూస్కోండి, చీవ్‌నింగ్ అప్లికేషన్లు మామూలుగా ఆగస్టులో తెరుస్తారు, సెంట్రల్ యూనివర్సిటీల సీయూఈటీ పీజీ (పీజీ ఎంట్రన్స్ పరీక్ష) నోటిఫికేషన్ ఈమధ్య డిసెంబరు, జనవరిలో వస్తోంది. ఎండాకాలం సెలవుల్లో ఊళ్ళో ఇంటర్వ్యూలు చేసి, వానాకాలంలో కూర్చుని రాసుకుంటే అప్లికేషన్ల టైముకి చేతిలో చూపించడానికి పని ఉంటుంది.