ఆటోక్లేవ్ మూత బిగించే ముందే చూసుకోవాల్సినవి

ఆటోక్లేవ్ అంటే ఒత్తిడిని తట్టుకునే, గట్టిగా మూసే పాత్ర. అందులో వేడినీటి మధ్య నికెల్ మిశ్రమలోహపు శాంపిల్‌ను నెమ్మదిగా లాగుతూ, అది పగులుతుందో లేదో తేల్చే పరీక్ష వారాలు, ఒక్కోసారి నెలలు నడుస్తుంది. మధ్యలో మూత తీసి సరిచేసుకుందామంటే కుదరదు. కాబట్టి జాగ్రత్తంతా ముందే పడాలి.

అన్నిటికంటే ఎక్కువ సమయం శాంపిల్ ఉపరితలానికి ఇవ్వండి. మెషీనింగ్‌లో పైపొర గట్టిపడి, లోహంలో లోపలి ఒత్తిడి (స్ట్రెస్) మిగిలిపోతుంది. పగులు అక్కడ సులువుగా మొదలవుతుంది. వైర్ కట్‌లో (విద్యుత్ రవ్వలతో తీగ కోసే పద్ధతిలో) కోస్తే కరిగి మళ్లీ గడ్డకట్టిన పొర మిగులుతుంది, దాన్ని పూర్తిగా అరగదీయాలి. అన్ని శాంపిళ్లకూ ఒకే ఫినిష్ ఉండాలి. లేకపోతే మీరు పోల్చేది లోహాలను కాదు, వాటి తయారీని. శుభ్రం చేశాక చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు, చెమటలో క్లోరైడ్ ఉంటుంది. మార్కర్ పెన్‌తో నంబర్లు రాయడం చాలామందికి అలవాటు. ఆ సిరాలో క్లోరైడ్, గంధకం ఉండొచ్చు. నంబరును లాగే భాగానికి దూరంగా, చివర్లో చెక్కండి.

శాంపిల్‌కూ పట్టుకునే గ్రిప్‌కూ మధ్య జిర్కోనియా (కరెంటు పారనివ్వని సిరామిక్) తొడుగు పెట్టి, రెండిటి మధ్య కరెంటు పారడం లేదని మూత వేసే ముందు మల్టీమీటర్‌తో ఒకసారి చూడండి. రెండు లోహాలు తాకితే వచ్చే ఫలితానికి అర్థం ఉండదు.

ప్రాణానికి ముప్పు తెచ్చేది నీటి పరిమాణం. 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీరు సుమారు 1.4 రెట్లు వ్యాకోచిస్తుంది. ప్రవాహం లేని ఆటోక్లేవ్‌ను ముప్పావు వంతు నింపితే, ఆ వేడికి చేరకముందే ఖాళీ అంతా నిండిపోతుంది. అక్కడి నుంచి కొద్ది డిగ్రీలకే ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. 300 డిగ్రీలకు 60 శాతం దాటకపోవడం మంచిది, అంతకంటే వేడి చేస్తే ఇంకా తగ్గించాలి. రప్చర్ డిస్క్ (ఒత్తిడి మితిమీరితే పగిలి దాన్ని బయటికి వదిలే రేకు) ఆ ఉష్ణోగ్రతకు తగినదేనా, దాని గొట్టం మనుషులు లేని వైపే ఉందా అన్నది స్వయంగా చూడండి.

నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను ఆర్గాన్ లేదా నైట్రోజన్ పంపి తీసేయాలి. హైడ్రోజన్ కలుపుతుంటే ఎంత అన్నది ముందే నిర్ణయించుకోండి. నికెల్, నికెల్ ఆక్సైడ్ సమతౌల్యం దగ్గర, అంటే నికెల్ లోహంగా ఉండడానికీ ఆక్సైడ్‌గా మారడానికీ సరిహద్దులో, అల్లాయ్ 600 అనే నికెల్ మిశ్రమలోహంలో పగులు వేగం పెరుగుతుంది కాబట్టి, ఆ మోతాదు మారితే ఫలితమే మారిపోతుంది. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు హైడ్రోజన్ మండుతుంది, దాని మంట పగటివేళ దాదాపు కనిపించదు. లీకు పరీక్ష చేయకుండా వాల్వు తిప్పవద్దు.

లాగే వేగం విషయంలో తొందర వద్దు. సెకనుకు 10 లక్షల్లో ఒక వంతు సాగదీత, లేదా అంతకంటే నెమ్మదిగా. వేగంగా లాగితే నీటికి పనిచేసే సమయమే దొరకదు, లోహం మామూలుగా సాగి తెగిపోతుంది. అదే ఉష్ణోగ్రతలో జడవాయువులో ఇంకో శాంపిల్ తప్పక లాగాలి, పోల్చడానికి అదే ఆధారం.

"పగులు రాలేదు" అని రాసేటప్పుడు ఎన్ని గంటలు, ఎంత వేడి, ఎంత ఒత్తిడి అన్నది పక్కనే ఉండాలి. 350 డిగ్రీల స్వచ్ఛమైన నీటిలో అల్లాయ్ 600 పగులుతుందని ఫ్రాన్స్ పరిశోధకుడు కోరియూ బృందం 1959లోనే చెప్పినా, చాలామంది వెంటనే నమ్మలేదు. 2002లో అమెరికాలోని డేవిస్-బెస్సీ రియాక్టర్ మూతను తినేసిన తుప్పుకు మూలం ఆ లోహంతో చేసిన నాజిళ్లలో (మూతగుండా వెళ్లే గొట్టాల్లో) వచ్చిన పగుళ్లే.

తెరిచేటప్పుడు గేజ్ సున్నా చూపిస్తే చాలనుకోకండి. ముందు పూర్తిగా చల్లారనివ్వండి, తర్వాత నైట్రోజన్‌తో హైడ్రోజన్‌ను బయటికి పంపండి. బయటికి తీసిన శాంపిల్‌ను రుద్ది కడగవద్దు. తెగిన ముఖాలు ఒకదానికొకటి తగలకుండా విడివిడిగా డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) పెట్టండి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో చూడాల్సింది ఆ ముఖాలనే.