బురద సీజన్ మొదలవ్వకముందే: తడిసిన తోలు బూట్లకు వేడి తగలనివ్వకండి

మొన్న మోటోక్రాస్ (మట్టి, బురద ట్రాక్ మీద బైక్ రేస్) ప్రాక్టీసులో మాతో తిరిగే ఒక కుర్రాడు మలుపులో కాలు దింపబోయాడు. అప్పటికే ఎడమ బూటు సోల్ ముందు భాగం నోరు తెరుచుకుని ఉంది, అది ఫుట్‌పెగ్‌కు (బండి మీద పాదం ఆనించే కడ్డీ) పట్టేసింది. కాలు సమయానికి ఊడి రాలేదు, బండి అటే పడింది, చీలమండ విరిగింది. తర్వాత ఆ బూటు చేతిలోకి తీసుకుని చూశాను. పైకి శుభ్రంగా, తెల్లగా ఉంది. వంచి చూస్తే మాత్రం మడత దగ్గర తోలు అట్టముక్కలా పటపటమంది, సన్నటి బీటలు కనిపించాయి, సోల్ అంచు పొడవునా జిగురు పొరలుగా లేచి ఉంది. ఎలా ఆరబెడుతున్నావని అడిగితే, కడిగిన ప్రతిసారీ రాత్రికి రూమ్ హీటర్ ముందు పెడతానని, "పొద్దున్నే మళ్లీ వేసుకోవాలి కదన్నా" అని చెప్పాడు.

అందుకే ఇది రాస్తున్నాను. బూట్లు కడగాలనీ, బురద వదిలేయకూడదనీ మీకు కొత్తగా చెప్పక్కర్లేదు కాబట్టి అవి వదిలేస్తున్నా. పాడైపోయిన తోలు బూట్లు నా చేతికి ఎన్ని వచ్చినా చాలావాటి కథ ఒక్కటే: తడిగా ఉన్నప్పుడు వేడి పెట్టారు. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటాం అనేవాళ్లు ఇది పెట్టుకోండి చాలు.

ముందు మీవి నిజంగా తోలు బూట్లో కాదో చూసుకోండి, ఎందుకంటే ఇప్పుడొచ్చే మోటోక్రాస్ బూట్లలో చాలావరకు మైక్రోఫైబర్, ప్లాస్టిక్కే. యూరప్ మార్కెట్ కోసం చేసినవైతే లేబుల్ మీద చిన్న బొమ్మలు ఉంటాయి. పరిచిన జంతు చర్మం ఆకారం ఉంటే తోలు, ఆ ఆకారం లోపలే చిన్న డైమండ్ ఉంటే పూత వేసిన తోలు, ఒట్టి డైమండ్ ఉంటే వేరే మెటీరియల్. పైభాగానికి, లైనింగ్‌కు, సోల్‌కు విడివిడిగా ఉంటాయి, మూడూ చూడండి.

వేడి ఏం చేస్తుంది

తోలంటే సన్నటి కొల్లాజెన్ పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకున్న అల్లిక. తోలు తయారీలో ఆ పోగుల మధ్య నూనె పట్టిస్తారు. అది ఉన్నంతకాలం పోగులు ఒకదాని మీద ఒకటి జారతాయి, బూటు మీ కాలితో పాటు వంగుతుంది. తడిసినప్పుడు నీళ్లు ఆ సందుల్లోకి చేరతాయి. నెమ్మదిగా ఆరితే నీళ్లు పోయి నూనె చాలావరకు లోపలే ఉంటుంది. వేడి పెట్టారంటే నీళ్లు హడావుడిగా బయటికి వస్తూ నూనెను కూడా లాక్కొస్తాయి, ఖాళీ అయిన పోగులు ఒకదానికొకటి అతుక్కుని బిగుసుకుపోతాయి. ఆ తర్వాత డబ్బాడు కండిషనర్ (తోలుకు నూనె పట్టించే క్రీము) రాసినా పైకి మెరుస్తుందే తప్ప మునుపటి మెత్తదనం రాదు.

పైగా తడి తోలు పొడి తోలుకన్నా వేడికి చాలా బలహీనం. మొక్కల బెరడు సారంతో టాన్ చేసిన (అంటే పచ్చి చర్మాన్ని కుళ్లకుండా తోలుగా మార్చిన) తోలు తడిగా ఉంటే సుమారు 75 నుంచి 85 డిగ్రీల దగ్గరే ముడుచుకుపోతుంది. క్రోమ్‌తో (క్రోమియం లవణాలతో) టాన్ చేసింది దాదాపు 100 దాకా ఓర్చుకుంటుంది. నాది క్రోమ్ తోలే కదా అని ధీమాగా ఉండకండి, సోల్‌ను పట్టి ఉంచే జిగురు అంతకన్నా చాలా ముందే మెత్తబడుతుంది. పైన తోలు కుంచించుకుపోతూ లాగుతుంటే కింద జిగురు వదులవుతుంది, సోల్ అంచు వేళ్ల దగ్గర మొదట లేస్తుంది. అక్కడే ఫుట్‌పెగ్ తగులుతుంది, అక్కడే గేర్ లివర్ దూరుతుంది.

వేడి అనగానే మంట ఒక్కటే అనుకుంటారు. రూమ్ హీటర్, హెయిర్ డ్రయర్, బట్టల డ్రయర్, పొయ్యి పక్క గట్టు, అప్పుడే ఆపిన బండి సైలెన్సర్, అద్దాలు ఎత్తేసి ఎండలో నిలబెట్టిన కారు, అన్నీ వేడే. మిట్టమధ్యాహ్నం ఎండ కూడా వేడే. ఎండలో పెట్టడం చాలామందికి తప్పనిపించదు, బట్టలు ఆరేస్తాం కదా బూట్లకేం అనుకుంటారు. పైపొర రెండు గంటల్లో ఎండిపోయి గట్టిపడుతుంది, లోపల లైనింగ్, వేళ్ల దగ్గర తోలు తడిగానే ఉంటాయి, బయట మాత్రం రంగు వెలిసి బీట తీస్తుంది.

బూటు లోపల ఈఎన్ 13634 (మోటార్‌సైకిల్ బూట్లకు యూరప్ భద్రతా ప్రమాణం) అని, దాని కింద నాలుగు అంకెలు కొన్నిటిపై ఉంటాయి. ఎత్తు, రాపిడిని తట్టుకునే శక్తి, కోతను తట్టుకునే శక్తి, పక్కల నుంచి నొక్కితే నలగకుండా నిలిచే శక్తి, ఒక్కోదానికి 1 లేదా 2. 2 అంటే మెరుగు. ఆ అంకెలు కొత్త బూటుకు పరీక్ష చేసి వేసినవి. హీటర్ ముందు మాడిన బూటు మీద కూడా అవే అంకెలు ఉంటాయి, వాటిని నమ్మకండి.

ఆరబెట్టే పద్ధతి

అన్ని బకిల్స్ విప్పేయండి. ఇన్సోల్ తీయండి, లోపలి బూటీ (బూటు లోపలి మెత్తటి తొడుగు) విడిగా వచ్చేదైతే అదీ తీసి వేరుగా ఆరేయండి. నాలుక భాగాన్ని ముందుకు లాగి బూటు నోరు బాగా తెరవండి. పాత కాటన్ తువ్వాలో, అచ్చు లేని తెల్ల కాగితమో వేళ్ల చివరిదాకా కూరండి (న్యూస్‌పేపర్ కూడా పనిచేస్తుంది కానీ లేత రంగు లైనింగ్‌కు సిరా అంటుతుంది). మొదటి కాగితం గంటలోనే తడిసి ముద్దవుతుంది, దాన్ని అలాగే రాత్రంతా వదిలేస్తే ఉపయోగం లేదు, తీసి కొత్తది పెట్టాలి. తర్వాత మూడు నాలుగు గంటలకోసారి మార్చండి. నీడపట్టున, గాలి ఆడే చోట, నేలకు కాస్త ఎత్తులో ఉంచండి. ఫ్యాన్ పెట్టొచ్చు, చల్లగాలి ఎంతైనా పెట్టొచ్చు. బూట్ డ్రయర్ ఉంటే వేడి ఆపేసి గాలి మాత్రమే వాడండి.

ఇలా మామూలుగా ఒకటి రెండు రోజులు పడుతుంది, ముసురు పట్టి గాలిలో చెమ్మ ఉంటే ఇంకా ఎక్కువ. ఆరిందో లేదో చూసి చెప్పలేం. చేతిని లోపలికి వేళ్ల చివరిదాకా పోనిచ్చి, అరచేతి వెనకవైపు తోలుకు ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా నీళ్లు ఆవిరవుతున్నట్టే. పైన పొడిగా, లోపల చల్లగా ఉండే స్థితి చాలాసేపు ఉంటుంది, ఆ దశలోనే జనం ఓపిక పట్టలేక హెయిర్ డ్రయర్ తీస్తారు. తీయకండి.

రేపే రేస్ ఉంది, బూట్లు ఆరలేదు, ఏం చేయాలి అని తప్పకుండా ఎవరో ఒకరు అడుగుతారు. తడివే వేసుకోండి. పొడి సాక్సులు రెండు జతలు పట్టుకెళ్లండి, మధ్యలో మార్చుకోండి. తడి బూటుతో ఒక రోజు చిరాకుగా ఉంటుంది, అంతే. వేడికి బిరుసెక్కిన బూటు మళ్లీ బాగవదు.

కడగడం, నూనె పట్టించడం

బండి కడిగే ప్రెషర్ గన్‌తోనే బూట్లు కూడా కడిగేస్తారు చాలామంది. ఆ ధాటికి నీళ్లు కుట్టు రంధ్రాల్లోంచి లోపలికి పోతాయి, వాటితో పాటు సన్నటి ఇసుక కూడా పోయి అక్కడే కూర్చుంటుంది. తర్వాత మీరు కాలు వంచిన ప్రతిసారీ ఆ ఇసుక దారాన్ని కోస్తుంది. మామూలు పైపు, మెత్తటి బ్రష్, మామూలు నీళ్లు చాలు. బురద ఎండకముందే కడిగేస్తే మంచిది, ఎండే బురద తోలులోని తేమనూ నూనెనూ పీల్చేస్తుంది. ఎండిపోయిందా, తడి గుడ్డ కప్పి కాసేపు నాననివ్వండి, స్క్రూడ్రైవర్‌తో గీకకండి.

బట్టల డిటర్జెంట్, గిన్నెల లిక్విడ్ వద్దు. వాటి పనే జిడ్డు తీయడం, తోలులో ఉన్న నూనె కూడా వాటికి జిడ్డే. శాడిల్ సోప్ (తోలు కోసమే చేసిన సబ్బు) దొరికితే తడి స్పాంజ్ మీద నురగ చేసి ఆ నురగతోనే తుడవండి, చివర్లో తడి గుడ్డతో సబ్బు మొత్తం తీసేయండి. బకిల్ కీలు దగ్గర పాత టూత్‌బ్రష్ పెట్టి రుద్దండి. అక్కడ రాయి చిక్కుకుని సగమే మూసుకున్న బకిల్ పడినప్పుడు ఊడిపోతుంది, చాలామంది దాన్ని చూడరు.

కండిషనర్ ఎప్పుడు రాయాలన్నది ముఖ్యం. తోలు దాదాపు ఆరి ఇంకా కొద్దిగా చెమ్మ ఉన్నప్పుడు పలుచగా రాస్తే, నీళ్లు పోయిన చోటికి నూనె చేరుతుంది. మైనం మాత్రం పూర్తిగా ఆరాకే, లేదంటే చెమ్మను లోపల బంధించి బూజుకు ఇల్లు కట్టినట్టే. వేళ్ల మడత, చీలమండ మడత ముందుగా ఎండుతాయి కాబట్టి అక్కడ రెండోసారి రాయండి. ఎక్కువ రాస్తే మంచిదని ముంచెత్తకండి, తోలు మరీ మెత్తబడితే చీలమండకు ఆసరా పోతుంది. పైన పూత వేసిన తోలైతే నూనె లోపలికి ఇంకదు, జారుడుగా పైనే మిగిలిపోతుంది, తడి గుడ్డతో తుడిస్తే చాలు.

ఇక మిగతావి వరసగా రాసేస్తున్నా, చదవండి.

- పిక్క లోపలివైపు, అంటే బండిని కాళ్లతో అదిమి పట్టుకునే చోట నూనె గానీ మైనం గానీ రాయొద్దు. జారుతుంది. అక్కడ స్వెడ్ (నూగులా ఉండే గరుకు తోలు) ఉంటే పొడి బ్రష్ మాత్రమే.
- సోల్ అడుగున అస్సలు రాయొద్దు.
- పెట్రోల్, కిరోసిన్, థిన్నర్ తాకనివ్వొద్దు, ఆయిల్ మరక పడినా సరే. జిగురు కరుగుతుంది.
- బ్లీచ్ వద్దు. తెల్ల బూట్లయినా వద్దు.
- వాషింగ్ మెషీన్‌లో వేయొద్దు.
- బూజు తెల్లగా కనిపిస్తే ఇంటి బయట పొడి బ్రష్‌తో దులిపి, వెనిగర్, నీళ్లు సమానంగా కలిపి గుడ్డతో తుడిచి మళ్లీ నీడలో ఆరబెట్టండి. బూజు పోతుందని ఎండలో పెట్టొద్దు, మళ్లీ అదే తప్పు.
- టో ప్లేట్ (బూటు ముందు వేళ్ల దగ్గరి పలక) స్క్రూలు విప్పి కింద చూడండి, నీళ్లు అక్కడ నిలిచి తుప్పు పట్టిస్తాయి.
- సీజన్ మొదలయ్యే ముందు ప్రతి బకిల్ మూసి గట్టిగా లాగి చూడండి. స్ట్రాప్ అంచు చీలితే ఆ స్ట్రాప్ ఒక్కటే మార్చండి, చాలా మోడళ్లకు విడిగా దొరుకుతుంది.
- బొటనవేలితో సోల్ అంచును మొత్తం చుట్టూ నొక్కుతూ రండి. గోరు దూరేంత సందు కనిపించినా ఆ బూటుతో దిగొద్దు. రిపేర్ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి. ఇంట్లో ఫెవిక్విక్ పోయొద్దు, అది గట్టిపడి వంగే చోట పగిలిపోతుంది.
- కొన్నేళ్లు అల్మారాలో పడి ఉన్న బూట్లు బయటికి తీస్తున్నారా, సోల్‌ను గట్టిగా వంచి చూడండి. పాలియురేథేన్ (ఒక రకం ప్లాస్టిక్) భాగం ఉంటే వాడకపోయినా గాలిలో తేమకే లోపల్లోపల పొడిగా రాలిపోతుంది.
- సెకండ్‌హ్యాండ్ కొంటున్నారా, మెరుపు చూడొద్దు. మడత దగ్గర వంచండి, శబ్దం వినండి, బీటలు వెతకండి. ఎలా ఆరబెట్టేవారో అడగండి. హీటర్ అంటే వదిలేయండి.
- ప్లాస్టిక్ కవర్‌లో కట్టిపెట్టొద్దు.
- బకిల్స్ వదులుగా పెట్టి, లోపల కాగితం కూరి నిలబెట్టి దాచండి, మడతపడనివ్వొద్దు.
- తడి బూట్లను గేర్ బ్యాగ్‌లో మూసి, ఆ బ్యాగ్‌ను కారు డిక్కీలో వదిలి ఇంట్లోకి వెళ్లిపోవద్దు. ఎంత అలసిపోయినా సరే, బూట్లు తీసి నోరు తెరిచి నీడలో పెట్టి ఆ తర్వాతే స్నానం.
- ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి. పాపం తడిగా ఉన్నాయని మంచి మనసుతో వాళ్లే తీసుకెళ్లి ఎండలో పెడతారు, హీటర్ పక్కకు జరుపుతారు. బూట్ల మీద కాగితం అంటించండి: వేడి పెట్టొద్దు.