గాలివానలకు ముందు చెట్ల దగ్గర జాగ్రత్తలు

గాలివానల కాలం దగ్గరపడగానే కొట్టం మీదికి వంగిన చెట్టును తల నరికి మోడు చేసేస్తుంటారు. ఆ ఏడాదికి నిశ్చింతగానే ఉంటుంది. కానీ నరికిన చోట గుబురుగా లేచే కొత్త కొమ్మలు చెక్క లోతుల్లోంచి పుట్టవు, పైపొరనే పట్టుకుని ఉంటాయి. కొన్నేళ్లకు బరువెక్కి, గాలికి మొదలంటా ఊడిపడతాయి. ఈలోగా మోడు పైనుంచి కుళ్లు లోపలికి దిగుతుంది. కాబట్టి తల నరకడం మాత్రం వద్దు.

పాలు పితికి పశువులను మేతకు వదిలాక, ఒక పూట ఏ పనిముట్టూ పట్టుకోకుండా చెట్ల చుట్టూ తిరిగి రండి. మొక్కప్పటి నుంచీ వంగి పెరిగిన చెట్టుతో అంత భయం లేదు. కొత్తగా ఒరిగి, రెండో వైపు నేల ఉబ్బినా బీటలిచ్చినా అది ప్రమాదమే. మొదట్లో పుట్టగొడుగులు, మధ్యలో బెరడు ఇరుక్కుపోయిన ఇరుకు పంగలు, పైన చిక్కుకుని వేలాడే ఎండు కొమ్మలు కూడా చూడండి. కింద ఎవరుంటారన్నది కూడా లెక్కే. ఎవరూ తిరగని గట్టు చివర తొర్ర చెట్టును అలాగే ఉంచమంటాను. అందులో గుడ్లగూబ కాపురం పెడితే ఎలుకల సంగతి అదే చూసుకుంటుంది.

వాన లేని రోజు చూసి, గూళ్లున్నాయేమో గమనించి, ఎండిన, విరిగిన, ఒకదానికొకటి రాసుకునే కొమ్మలను ముందు తీయండి. పచ్చటి కొమ్మల్లో ఏడాదికి పావు వంతుకు మించి ముట్టుకోకూడదు, ముసలి చెట్టుకైతే ఇంకా తక్కువ. లావు కొమ్మను ఒక్క కోతలో కోస్తే దాని బరువుకు మాను బెరడు కూడా చీరుకుని వస్తుంది. మానుకు అడుగు దూరంలో, కింది వైపు నుంచి మూడో వంతు లోతున గాటు పెట్టండి. దానికి కొంచెం అవతల పైనుంచి కోస్తే కొమ్మ చీలకుండా పడుతుంది. చివరికి మిగిలిన ముక్కను, కొమ్మ మొదట్లో కనిపించే ఉబ్బు అంచుకు బయటగా తీయాలి. ఆ ఉబ్బులోంచే చెట్టు గాయాన్ని మూసుకుంటుంది, దాన్ని కోసేస్తే కుళ్లుకు దారి ఇచ్చినట్టే. కోసిన చోట తారు, రంగు పూయడం వల్ల మామూలుగా ఒరిగేదేమీ లేదు. ఫలానా తెగులుకు మందు పూయమంటే అది వేరే సంగతి.

ఇక మన ప్రాణం. నిచ్చెనెక్కి చైన్‌సా పట్టుకోవద్దు, భుజం కంటే ఎత్తున అసలు నడపవద్దు. బ్లేడు కొన పైభాగం దేనికైనా తగిలితే రంపం ఒక్కసారిగా మీదికి ఎగురుతుంది. నేల మీద నిలబడి, పొడుగు కర్రకు బిగించిన చేతిరంపంతో అందినంతే కోయండి. కొమ్మ కరెంటు తీగకు మూడు మీటర్ల లోపు ఉంటే అది మీ పని కాదు, విద్యుత్ సిబ్బందికి చెప్పాలి. ఒంటరిగా దిగవద్దు. మొత్తం చెట్టే పడగొట్టాల్సి వస్తే, దాని ఎత్తుకు రెండింతల దూరంలో మనుషులూ పశువులూ ఉండకూడదు. ఆ పని తెలిసినవాళ్లకు అప్పగించడమే మేలు.

ఈ కాలంలో కాలువ కోసమో కంచె కోసమో మాను దగ్గర వేర్లు నరకడం అన్నిటికంటే చేటు. చెట్టు వేర్లలో ఎక్కువ భాగం పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. గాలికి చెట్టును పట్టి ఉంచేవి అవే. పశువులను రోజూ అదే మానుకు కట్టినా బెరడు ఒరిసిపోతుంది, నేల గట్టిపడుతుంది.

కోసిన రెమ్మలను ముక్కలు చేసి పాదులో పరచండి, మానుకు మాత్రం జానెడు ఎడం ఉంచండి. ఏ చెట్టు ఆకో తెలియకుండా మేకలకు వేయకండి. పీచ్, ప్లమ్, చెర్రీ జాతి ఆకులు వాడిపోయేటప్పుడు వాటిలో సైనైడ్ విషం పుడుతుంది.

అయినా గాలికి ఏదో ఒక చెట్టు పడనే పడుతుంది. తొందరపడి కొమ్మలు నరకకండి. వంగి బిగుసుకున్న కొమ్మ కోయగానే కొడుతుంది. వేళ్లతో సహా పెకిలిన చెట్టు మానును కోస్తే, బరువు తగ్గి వేరుమొద్దు మళ్లీ గోతిలోకి ఒరిగిపోవచ్చు. పిల్లలను ఆ గోతిలో దిగనివ్వకండి.