చిమ్మటలను గుర్తుపడదాం – పాఠం 4: గన్నేరు కింద పెంటికలు

పోయిన పాఠంలో మీసాలు చూసి సీతాకోకచిలుకనూ చిమ్మటనూ వేరు చేయడం నేర్చుకున్నాం. మీసం కొసన ఉండలా లావుగా ఉంటే సీతాకోకచిలుక, లేకపోతే చాలావరకు చిమ్మటే. ఈసారి ఒక్క చిమ్మటనే గుడ్డు నుంచి రెక్కల దాకా వెంబడిద్దాం. ఇది గన్నేరు చిమ్మట. ఇంగ్లీషులో ఒలియాండర్ హాక్ మాత్ అంటారు. శాస్త్రీయ నామం డాఫ్నిస్ నీరియై. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ పెట్టిన ఆ 'నీరియై' అన్న మాట గన్నేరు పేరు నుంచి వచ్చిందే.

చాలామంది రాత్రి దీపం పెట్టుకుని చిమ్మటల కోసం కూర్చుంటారు. దీనికి అదేమీ అక్కర్లేదు. పగటిపూట గన్నేరు చెట్టో, నందివర్ధనం చెట్టో చూసుకుని, ముందు దాని కింద నేలను చూడండి. ఎదిగిన పురుగు (చిమ్మట కాకముందు ఆకులు తినే గొంగళి పురుగు) ఉంటే మిరియపు గింజలంత పెంటికలు కనిపిస్తాయి. ఒకటి తీసి భూతద్దం కింద పెట్టండి. పొడవునా గాడులు పడి, ఎవరో అచ్చులో పోసినట్టు ఉంటుంది. ఎండి గట్టిపడితే పాతది. తడిగా, వేలితో నొక్కితే నలిగేలా ఉంటే పురుగు మీ తలకు పైనున్న కొమ్మలోనే ఉంది.

ఇప్పుడు తల ఎత్తి, సరిగ్గా దాని పైనున్న కొమ్మను చూడండి. అంచు నుంచి నడిమి ఈనె దాకా కొరికేసిన ఆకులు కనిపిస్తాయి. పురుగు మాత్రం వెంటనే కనిపించదు. అది కూడా ఆకుపచ్చే, పగలు ఎక్కువగా ఆకు అడుగునో కొమ్మనో కరుచుకుని కదలకుండా ఉంటుంది. పురుగు ఒళ్లంతా కనిపించాలని చూడకండి, తోక మీద పైకి లేచిన కొమ్ము కోసం వెతకండి. హాక్ మాత్ కుటుంబపు చిమ్మటల పురుగులకు సాధారణంగా ఆ కొమ్ము ఉంటుంది.

దొరికిందా? వయసు కొమ్మును చూసే చెప్పొచ్చు. గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్ల పసుపు రంగులో, మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. కొమ్ము నల్లగా, సన్నగా, ఒంటితో పోలిస్తే చాలా పొడవుగా కనిపిస్తుంది. ఎదిగేకొద్దీ కొమ్ము పొట్టిదై పసుపుగా మారుతుంది. పురుగు ఏడెనిమిది సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. ఎదిగినదానికి తల వెనక రెండు పెద్ద కంటిమచ్చలు ఉంటాయి: నీలం, మధ్యలో తెలుపు, చుట్టూ నల్లటి గీత. మెల్లగా ఆకు కదిపి చూడండి. తలను లోపలికి ముడుచుకుంటుంది, ఆ మచ్చలు ఉబ్బి ఎవరో గుడ్లురిమి చూస్తున్నట్టు ఉంటుంది. పిట్టను బెదరగొట్టడానికి ఆ వేషం. పురుగు కుట్టదు, కరవదు. గన్నేరు ఆకు రసం మాత్రం గుండెకు ప్రమాదం. దాన్ని తిని పురుగు హాయిగా ఉంటుంది, మనం ఉండలేం. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోండి, పిల్లలను దగ్గర ఉండి చూపించండి.

పచ్చ రంగు పోయి వీపు గోధుమ రంగుకు తిరిగి, తిండి మానేసి నేల మీద తిరుగుతుంటే ప్యూపా (పురుగు చిమ్మటగా మారే ముందు కదలకుండా ఉండే దశ) అయ్యే సమయం వచ్చినట్టు. ఇంట్లో పెంచేవాళ్లు అప్పుడు డబ్బాలో మట్టి పోసి, పైన ఎండుటాకులు పరచాలి. గరుకైన పుల్ల ఒకటి తప్పకుండా నిలబెట్టాలి. మొదటిసారి నేను నున్నటి గాజు సీసాలో ఉంచాను, పుల్ల పెట్టలేదు. చిమ్మట బయటికొచ్చి పైకెక్కబోయి జారింది, మళ్లీ ఎక్కబోయి జారింది. రెక్కలు చాపుకోవడానికి వేలాడే చోటు లేక అవి ముడతలతోనే ఎండిపోయాయి. ఆ ఉదయం ఇప్పటికీ బాధపెడుతుంది. అందుకే పుల్ల సంగతి ఇంత గట్టిగా చెబుతున్నాను.

వెచ్చగా ఉంటే రెండు మూడు వారాల్లో చిమ్మట వస్తుంది. రెక్కలు చాపితే సుమారు 9 నుంచి 11 సెంటీమీటర్లు. రకరకాల ఆకుపచ్చలు, మధ్యలో తెల్లని, లేత గులాబీ పట్టీలు. మిలటరీ బట్టలాగే ఉంటుంది. ఎగిరే ముందు రెక్కలను గజగజ వణికిస్తుంది. భయం కాదు, ఎగిరే కండరాలను వేడెక్కించుకుంటోంది. అప్పుడు ముట్టుకోకండి. చీకటి పడ్డాక పువ్వు ముందు గాలిలోనే నిలబడి, పొడవాటి గొట్టంతో తేనె తాగుతుంది.

ఈ వారం పని: ఒక చెట్టు ఎంచుకుని, వరసగా ఐదు రోజులు ఉదయాన్నే కింద ఊడ్చి, మర్నాడు పడిన పెంటికలు లెక్కపెట్టి, అతి పెద్దదాని పొడవు రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ అంకెలతోనే పురుగు ఏ దశలో ఉందో లెక్క కడదాం.