మడత కోళ్ల దొడ్డి: పిల్ల పోయిందంటే ముందు నేల చూడండి

రీపర్లతో, అంటే సన్నటి చెక్క పట్టీలతో, నాలుగు ఫ్రేములు చేసి, జాలీ కొట్టి, మూలల్లో తలుపు బందులు వేసి, పైన జాలీ మూత పెడితే మడిచి పెరట్లో ఎక్కడికంటే అక్కడికి జరుపుకునే కోళ్ల దొడ్డి తయారవుతుంది. అంతవరకు మీకు వచ్చనే అనుకుంటున్నాను. ఆ తర్వాత వచ్చే తిప్పల గురించే ఇది.

పిల్లలు ఒక్కొక్కటీ మాయమవుతున్నాయి

జాలీ చిరగలేదు. గడియ వేసింది వేసినట్టే ఉంది. లెక్కపెడితే ఒకటి తక్కువ. ఇలాంటప్పుడు అందరూ ముందు జాలీనే అనుమానిస్తారు. నేనూ అంతే. వారంలో మూడు పిల్లలు పోతే, పాత జాలీ పీకేసి కొత్త వెల్డ్ మెష్ (తీగలు అతికిన గట్టి జాలీ) కొట్టాను. రెండు రోజులకే నాలుగోది పోయింది.

దారి జాలీలో లేదు, నేల దగ్గర ఉంది. కింది రీపరు తిన్నగా ఉంటుంది, పెరడు ఉండదు. ఆరడుగుల రీపరు రెండు చివరలా మిట్ట మీద ఆనుతుంది, మధ్యలో పల్లం ఉండిపోతుంది. దాని మీద గరిక ఉంటే నిలబడి చూసేవాళ్లకు సందు కనపడదు. నిన్న బాగానే ఉంది కదా అంటారు. నిన్నటి చోటు వేరు. జరిపిన ప్రతిసారీ కొత్త నేలే. నల్లరేగడి అయితే ఎండాకాలం జరపకపోయినా బీటలు వారి సందులు పడతాయి. ముంగిసకు తల పట్టే సందు చాలు. అది పగటిపూట తిరిగే జంతువు, కాబట్టి మధ్యాహ్నం పిల్ల పోతే మొదటి అనుమానం దాని మీదే. రాత్రిపూట అయితే పిల్లి, పందికొక్కు.

దొడ్డి జరిపాక చుట్టూ వంగి నడుస్తూ, రీపరు కింద చేత్తో తడమండి. రెండు నిమిషాల పని, కానీ ఎవరూ చేయరు. ఒక్కసారి మాత్రం చీకటి పడ్డాక చూడండి. కోళ్లను గూట్లో పెట్టేసి, దొడ్డి లోపల నేల మీద టార్చి వెలిగించి, బయట చుట్టూ తిరగండి. నేలకు ఆనుకుని వెలుగు ఎక్కడ బయటపడితే అక్కడే దారి. మా దొడ్డికి తూర్పు వైపు గరికలో జానెడు పొడవున వెలుగు గీత కనిపించింది. చెయ్యి పెడితే నాలుగు వేళ్లూ సులువుగా లోపలికి వెళ్లాయి. రీపరు అడుగున చిన్న పసుపు నూగు అంటుకుని ఉంది.

మట్టి పోసి పూడిస్తే ఆ రోజుకే సరిపోతుంది. అసలు మందు జాలీ అంచు. అరంగుళం కంతల వెల్డ్ మెష్‌ను ఒక అడుగు వెడల్పు పట్టీలుగా కోసి, ఒక్కో ఫ్రేము కింది రీపరుకు జీఐ వైరుతో (జింకు పూత తీగతో) వదులుగా కట్టండి. దొడ్డి పెట్టినప్పుడు పట్టీ బయటి వైపు నేల మీద పరుచుకోవాలి, మడిచేటప్పుడు ఫ్రేము మీదికి లేవాలి. పైన ఇటుకలు పెట్టండి, పల్లం ఉన్న చోట రెండు ఎక్కువ పెట్టండి. తవ్వే జంతువు మామూలుగా గోడ మొదట్లోనే తవ్వుతుంది. అడుగు వెనక్కి జరిగి తవ్వాలని దానికి తోచదు. మూలల్లో మాత్రం రెండు పట్టీల మధ్య చదరంగా ఖాళీ మిగులుతుంది. అక్కడ విడిగా అడుగు చదరపు జాలీ ముక్క పరిచి ఇటుక పెట్టండి. ఈ మూల ముక్కలు మరిచిపోతే మిగతా పనంతా వృథా.

రాత్రిపూట కోళ్లను ఇందులో ఉంచకండి. ఇది పగటి దొడ్డి. పొద్దుగూకగానే గూట్లోకో గంప కిందికో చేర్చండి.

పిల్ల లోపలే ఉంది, కాలో తలో లేదు

ఇది లోపలికి దూరి చేసిన పని కాదు. పెద్ద కంతల జాలీలోంచి పిల్లి పంజా పెట్టి లాగింది. నేల నుంచి ఒక అడుగు ఎత్తు వరకు అరంగుళం మెష్ రెండో పొరగా కొట్టండి.

సరిగా మడత పడట్లేదు

ఏదో ఒక మూలలో బందు బయటి వైపు బిగించి ఉంటుంది. నాలుగు మూలల్లోనూ బందు లోపలి ముఖానికే ఉండాలి. వానాకాలంలో మాత్రమే పట్టేస్తుంటే రీపరు ఉబ్బింది. ఎండాక అంచు కాస్త చిత్రిక పట్టి, రంగు వేయండి.

కోళ్లు నోరు తెరిచి రొప్పుతున్నాయి

నీడ లేదు. మూత మీద సగం వరకు తడి గోనెపట్టా వేయండి, నీళ్ల గిన్నె ఆ నీడలోనే పెట్టండి.

పాము, గద్ద గురించి చాలామంది అడుగుతారు. మూత బిగువుగా ఉంటే గద్ద ఏమీ చేయలేదు. గుడ్లు పగటిపూటే తీసేస్తూ, చుట్టూ గడ్డి కోసి ఉంచితే పాము రావడం తగ్గుతుంది.