గాల్వెస్టన్‌లో బిషప్స్ ప్యాలెస్ చూడాలంటే

హ్యూస్టన్‌కి అమ్మానాన్నలు వస్తే గాల్వెస్టన్ బీచ్ చూపించడం ఇక్కడ మన వాళ్లందరికీ అలవాటే. ఈసారి బీచ్ సాయంత్రానికి పెట్టుకోండి. ఐ-45 మీద దీవిలోకి రాగానే అదే రోడ్డు బ్రాడ్‌వే అవుతుంది. నేరుగా 14వ వీధి దాకా పోతే రాతి కోటలాంటి ఇల్లు కనిపిస్తుంది, అదే బిషప్స్ ప్యాలెస్. పెళ్లిళ్లకీ అద్దెకిస్తారు కాబట్టి ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో ముందు ఆన్‌లైన్‌లో చూసుకోండి.

టికెట్ చేతికి రాగానే లోపలికి పరిగెత్తొద్దు. ముందు వీధి అవతలి నుంచి బురుజులూ, పొగగొట్టాలూ తీరిగ్గా చూడండి. లాయర్ వాల్టర్ గ్రెషమ్ కోసం నికొలస్ క్లేటన్ డిజైన్ చేసిన ఈ ఇల్లు 1892లో పూర్తయింది. 1900 సెప్టెంబర్ 8 నాటి తుఫానులో ఊళ్లో కనీసం 6,000 మంది పోయారు. ఎదురుగా ఉన్న చర్చి కూలింది, ఇది నిలబడింది. గ్రెషమ్ కుటుంబం ఎంతోమందికి ఇక్కడే తలదాచుకోనిచ్చింది. ఇప్పుడు ఎదురుగా కనిపించే తెల్ల చర్చి ఆ తర్వాత కట్టిందే.

లోపల ఎక్కువసేపు ఇవ్వాల్సింది మెట్లకే. ఎనిమిది పలకల ఆకారంలో ఉన్న మహాగని చెక్క మెట్ల కింద నిలబడి తలెత్తి చూడండి. ఎండ ఉన్న రోజైతే రంగు అద్దాల కిటికీల వెలుగు చెక్క మీద పడుతుంది. ఫొటోల హడావిడి తర్వాత. మ్యూజిక్ రూమ్‌లో వెండి, ఆనిక్స్ రాయి పొదిగిన ఫైర్‌ప్లేస్ ఉంది. నాకైతే కాస్త ఆర్భాటం ఎక్కువనిపించింది. పై అంతస్తులో చిన్న ప్రార్థన గది తప్పక చూడాలి. 1923లో క్యాథలిక్ డయోసిస్ (ఒక బిషప్ కింద ఉండే చర్చిల పరిధి) ఈ ఇల్లు కొని బిషప్ బర్న్‌కి నివాసంగా ఇచ్చింది, ఒక పడకగదిని చాపెల్‌గా మార్చారు. ఈ ఇంటికి ఆ పేరు అలా వచ్చిందే.

గుమ్మం చేరాలన్నా మెట్లెక్కాలి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి. మా అత్తగారు కింది అంతస్తు చూసి, "ఇంత ఇల్లు రోజూ ఊడ్చేదెవరమ్మా?" అన్నారు. అలాంటి ప్రశ్నలొచ్చే వాళ్లకి బేస్‌మెంట్ నుంచి అటక దాకా చూపించే ప్రత్యేక టూర్ మేలు. మామూలు టూర్‌లో మూసి ఉంచే భాగాలు అందులో తెరుస్తారు. అది రోజూ ఉండదు, తేదీ చూసి బుక్ చేసుకోండి.

అదే రోడ్డు మీద 1895 నాటి మూడీ మాన్షన్ కూడా ఉంది. రెండూ ఒకే రోజు పెట్టుకుంటే కాళ్లు పడిపోతాయి, పిల్లలు గోల చేస్తారు. దాన్ని ఇంకోసారికి ఉంచుకోండి.